సాలెపురుగుకి డూప్లెక్స్ ఎందుకండీ?

ముందే చెప్పేస్తున్నా, ఇది సాలెపురుగుల గురించిన టపా. ఆ పేరు వింటేనే ఒళ్ళు జలదరించేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను. మిగతావాళ్ళకి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నేల మీద బతికే టరాంటులాల కోసమని షాపుల్లో అమ్మే అందమైన గాజు పెట్టెల్లో చాలావాటిని సాలెపురుగు కోసం తయారుచెయ్యలేదు. బయట నిలబడి చూసేవాడి కోసం తయారుచేశారు. ఆ తేడా వల్ల పాపం పురుగులు చచ్చిపోతున్నాయి.

"పెంచుకోడానికి నీకు కుక్కా పిల్లీ దొరకలేదా?" అని అడిగేవాళ్ళకి ఒక మాట. డల్లాస్ దగ్గర అద్దె అపార్ట్‌మెంట్లో ఉంటూ, రిలీజ్ ఉన్న వారం రాత్రి పదింటికి ఇల్లు చేరే మనిషి కుక్కని పెంచితే అది కుక్కకి అన్యాయం. టరాంటులా అలా కాదు. అరవదు, వాసన రాదు, వారం పదిరోజులకి ఒక పురుగు వేస్తే చాలు. ఇండియా వెళ్ళి నాలుగు వారాలు ఉండి వచ్చినా, మధ్యలో ఎవరైనా నీళ్ళ గిన్నె నింపితే పెద్ద సాలెపురుగుకి ఏమీ కాదు. (లీజులో పెంపుడు జంతువుల క్లాజు మాత్రం ఒకసారి చదువుకోండి, 'కుక్కలు, పిల్లులు' అని ఉందా, 'ఏ జంతువైనా' అని ఉందా అని.) అందుకే మనవాళ్ళలో కూడా అక్కడక్కడ ఈ సరదా మొదలైంది. సరదా మంచిదే. ఇబ్బంది అంతా పెట్టె దగ్గర వస్తోంది.

మనకి సాలెపురుగు అనగానే గుర్తొచ్చేది మూలల్లో గూడు. శ్రీకాళహస్తి పేరులోని 'శ్రీ' సాలెపురుగే కదా, శివలింగం మీద గూడు అల్లిన భక్తురాలు. కాబట్టి సాలెపురుగంటే పైకెక్కి గూడు కట్టేది అని మన బుర్రల్లో ముద్రపడిపోయింది. టరాంటులాల్లో చాలా రకాలు అలా వల అల్లి వేటాడవు. వాటిలో మోటుగా రెండు తెగలు అనుకోండి. చెట్లెక్కి బెరడు పగుళ్ళలో, తొర్రల్లో ఉండేవి ఒక తెగ. నేల మీద ఉంటూ బొరియ తవ్వుకునేవో, రాయి కిందో దుంగ కిందో దూరేవో రెండో తెగ.

మొదటి తెగలో ప్రపంచ ప్రసిద్ధమైనది మన గుత్తి సాలెపురుగే. అవును, అనంతపురం జిల్లా గుత్తే! 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. మొదటి నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. దాని అసలు ఇల్లు అది కాదు, కలపతో పాటు రైలెక్కి వచ్చిందని తర్వాత అర్థమైంది. నూరేళ్ళ తర్వాత, 2001లో, నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనిపించింది. నీలమణి రంగులో మెరుస్తూ ఉంటుంది కాబట్టి ఇక్కడ దాన్ని 'గూటీ సఫైర్' అని పిలుస్తారు. అడవిలో మాత్రం అంతరించే ప్రమాదం బాగా ఎక్కువున్న జాబితాలో ఉంది. చెట్టు తొర్రలో ఉండేది కాబట్టి దానికి నిలువు పెట్టె, నిలబెట్టిన బెరడు ముక్క కావాలి. ఆ ఎత్తు దానికి న్యాయం.

చిక్కల్లా ఏంటంటే, షాపువాడు అదే నిలువు పెట్టెని రెండో తెగకీ అమ్ముతాడు. స్టిక్కరు మీద 'టరాంటులా కిట్' అని ఉంటే చాలు, కొనేవాడు ఏ తెగకి అని అడగడు. ఆండ్రాయిడ్ యాప్ తీసుకెళ్ళి ఐఫోన్‌లో వేస్తానంటే మనం నవ్వుతాం. ఇక్కడ మాత్రం నవ్వకుండా క్రెడిట్ కార్డు ఇస్తాం.

ఇంతకీ ఎత్తు ఉంటే ఏమవుతుంది? పడుతుంది, అంతే. నేల తెగ సాలెపురుగు ఒళ్ళు బరువు. గాజు గోడ ఎక్కగలదు, పిల్లప్పుడు ఇంకా బాగా ఎక్కుతుంది. చెట్టు తెగకున్నంత నేర్పు మాత్రం ఉండదు. దాని పొట్ట పల్చటి తోలుసంచి లాంటిది. లోపల ద్రవం ఒత్తిడిలో ఉంటుంది. ఆ ఒత్తిడితోనే అది కాళ్ళు చాపుతుంది. మడవడానికి కండరాలున్నాయి, చాపడానికి మాత్రం ప్రధానంగా ఆ ద్రవం ఒత్తిడే ఆధారం, మన జేసీబీ చెయ్యిలాగా. పొట్ట చీలిందంటే ద్రవం పోతుంది, కాళ్ళు లోపలికి ముడుచుకుపోతాయి, ఇంక లేవదు. మనకి రెండడుగులంటే స్టూలు ఎత్తు. దానికి అది మేడ మీద నుంచి పడ్డట్టు.

పోయినేడాది మా టీములో ఒక మిత్రుడు కొడుకు పదో పుట్టినరోజుకి ఒక కర్లీ హెయిర్ టరాంటులా కొనిచ్చాడు. మధ్య అమెరికా దేశాలది, ఒళ్ళంతా ఉంగరాల వెంట్రుకలు, నెమ్మదస్తురాలు, కొత్తవాళ్ళకి మంచిది. ఎంపిక బాగుంది. పెట్టె మాత్రం రెండడుగుల ఎత్తు గాజుది, పైన ఇనుప జాలీ మూత. అడుగున రెండంగుళాల రంగురాళ్ళు, మధ్యలో ప్లాస్టిక్ పుర్రె, ఒక కాక్టస్, పైన ఎర్ర బల్బు. షాపులో అంతా సెట్ చేసి ఇచ్చారట. పిల్లాడు స్నేహితులందరికీ చూపించాడు. మూడో వారంలో ఒక పొద్దున్న ఫోన్. రాత్రి జాలీ దాకా ఎక్కింది, కాలి గోరు జాలీలో ఇరుక్కుంది, గింజుకుని గింజుకుని పడింది, పడ్డం పుర్రె మీద పడింది. నేను వెళ్ళేసరికి రాళ్ళ మీద లేత నీలం నీళ్ళు, ముడుచుకున్న ఎనిమిది కాళ్ళు. పిల్లాడు ఏడవలేదు. "అంకుల్, నేను అన్నిటికన్నా పెద్ద బాక్స్ తీసుకున్నా కదా, ఎందుకు చచ్చిపోయింది?" అని అడిగాడు.

వాడి ప్రశ్న సరైనది. పెద్దది ఇస్తే ప్రేమ ఎక్కువ ఉన్నట్టే కదా, మనం ఇళ్ళు కొనేది కూడా ఆ లెక్కనే కదా. వాడికి నేను చెప్పిన జవాబే ఇక్కడా రాస్తున్నా: పెద్ద పెట్టె తప్పు కాదు నాన్నా, ఎత్తు పెట్టె తప్పు. దానికి కావాల్సింది వెడల్పూ లోతూ.

లెక్కలోకి వద్దాం. పెంచేవాళ్ళు చాలామంది పాటించే కొలతలు ఇవి. సాలెపురుగు కాళ్ళు చాపితే ఈ చివర్నుంచి ఆ చివరికి ఎంతుందో అది ఒక యూనిట్ అనుకోండి. పెట్టె పొడవు మూడు యూనిట్లు, వెడల్పు రెండు. మట్టి లోతు తక్కువలో తక్కువ ఒక యూనిట్, బాగా తవ్వే రకమైతే ఇంకా ఎక్కువ. మట్టి పైనుంచి మూత దాకా ఖాళీ ఒకటిన్నర యూనిట్లు దాటకూడదు. నా దగ్గరున్నదీ కర్లీ హెయిరే, అయిదంగుళాలు ఉంటుంది. అంటే 15 అంగుళాల పొడవు, 10 వెడల్పు, అయిదారు అంగుళాల మట్టి, పైన ఏడున్నరకి మించని ఖాళీ.

ఇక్కడ ఏ పెట్ షాపులోనైనా దొరికే పది గేలన్ల మామూలు చేపల తొట్టి 20 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 12 ఎత్తు ఉంటుంది. అందులో ఆరంగుళాలు మట్టి పోస్తే పైన ఆరంగుళాలు మిగులుతుంది. అతికినట్టు సరిపోయింది! ప్రత్యేకంగా 'టరాంటులా' అని రాసున్న దేన్నీ కొనక్కర్లేదు. దాంతోపాటు వచ్చే జాలీ మూత మాత్రం పక్కన పడేసి, హార్డ్‌వేర్ షాపులో యాక్రిలిక్ షీటు కోయించి, చిన్న బెజ్జాలు వేసి, క్లిప్పులు పెట్టుకోండి. క్లిప్పులు మరిచిపోకండి, ఇవి మూత కింద కాళ్ళు పెట్టి నెట్టగలవు. రాత్రి రెండింటికి మీ ఇంట్లో ఆ సీను మీకొద్దు, మీ ఆవిడకి అసలొద్దు :)

మట్టి దగ్గరే చాలామంది పీనాసితనం చూపిస్తారు. ఎందుకో నాకు అర్థమైంది. పై తొట్టిలో ఆరంగుళాలంటే 1200 ఘనపు అంగుళాలు, దాదాపు 20 లీటర్లు. ఒక కోకోపీట్ ఇటుక (650 గ్రాములది) నీళ్ళలో నానబెడితే ఏడెనిమిది లీటర్లు అవుతుంది, నొక్కితే ఇంకా తగ్గుతుంది. అంటే మూడు ఇటుకలు. షాపువాడు ఒకటిచ్చి పంపిస్తాడు, ఇంటికొచ్చి పోస్తే అడుగున పల్చగా పరుచుకుంటుంది. 'ఫర్వాలేదులే' అనుకుంటాం. అలా అనుకోవడంతో ఎత్తు పెరుగుతుంది, తవ్వుకోడానికి లోతు తగ్గుతుంది. ఒక్క దెబ్బకి రెండు నష్టాలు.

కోకోపీట్ అంటే ఏదో వింత వస్తువు కాదండీ, కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టు. కోనసీమ వాళ్ళకి నేను చెప్పాలా! ఇక్కడ దాన్ని ఇటుకలుగా ప్యాక్ చేసి డాలర్లకి అమ్ముతారు. నేనైతే సగం కోకోపీట్, సగం ఎరువూ పురుగుమందూ కలపని మామూలు మట్టి కలుపుతా. ఒట్టి కోకోపీట్ ఆరిపోయాక పొడిపొడిగా రాలిపోయి బొరియ నిలవదు. కలిపాక గుప్పెట్లో పిండితే ముద్ద కట్టాలి, నీళ్ళు కారకూడదు. పొరలు పొరలుగా పోస్తూ అరచేత్తో గట్టిగా అదమండి. ఇసుకా, రంగురాళ్ళూ, గులకరాళ్ళూ వద్దు. ఇసుకలో బొరియ నిలవదు, రాళ్ళు అది తవ్వలేదు. ఇంకో సంగతి, తొట్టి ఎక్కడ పెడతారో ముందే తేల్చుకోండి. తడిమట్టి నింపాక దాన్ని ఒక్కరే ఎత్తి పక్క గదిలోకి మార్చడం మాటలు కాదు. కిటికీ పక్కన ఎండ తగిలేచోట వద్దు, టెక్సస్ ఎండకి గాజుతొట్టి ఓవెన్ అయిపోతుంది. స్పీకర్ల పక్కనా, వాషింగ్ మెషీన్ పక్కనా వద్దు. ఎనిమిది కళ్ళున్నా దీనికి చూపు అంతంతమాత్రం, లోకాన్ని నేల అదురుతో తెలుసుకుంటుంది. మీరు వెనక అతికించిన అమెజాన్ అడవి పోస్టరు దానికి కనిపించదు, మీ సబ్‌వూఫర్ మాత్రం బాగా తెలుస్తుంది.

దాక్కునేచోటు తప్పనిసరి. కార్క్ బెరడు సగం చెక్క గానీ, నిలువునా పగిలిన సగం మట్టి పూలకుండీ గానీ (అంచులు నున్నగా రుద్దండి) పక్కకి వాల్చి, సగం మట్టిలో పాతి, దాని కింద వేలితో ఒక గుంట తవ్విపెట్టండి. అక్కణ్ణుంచి మిగతా ఇంజినీరింగ్ అది చూసుకుంటుంది. బరువైన రాయి ఏదైనా పెట్టాలనుకుంటే మట్టి మీద కాదు, తొట్టి అడుగునే ఆనించి పెట్టండి. మట్టి మీద పెడితే అది కింద తవ్వుకుంటూ పోయిన రోజు రాయి దాని మీదే కూలుతుంది. పదునైనవీ, ముళ్ళున్నవీ వద్దే వద్దు. కాక్టస్ సంగతి వేరే చెప్పాలా?

నీళ్ళకి తక్కువ లోతు గిన్నె ఒకటి చాలు. అందులో స్పాంజ్ పెట్టమని పాత పుస్తకాల్లో రాసేవాళ్ళు, పెట్టకండి. కుళ్ళి బాక్టీరియా పెరగడం తప్ప దానివల్ల ఉపయోగం లేదు. మునిగిపోతుందేమోనని భయం అక్కర్లేదు. తేమ కావాలంటే గిన్నె పొంగేలా నీళ్ళు పోసి ఒక మూల తడి చెయ్యండి, ఇంకో మూల పొడిగా వదిలెయ్యండి. దానికేది కావాలో అదే వెతుక్కుంటుంది. హ్యుమిడిటీ మీటరు కొని, 72 శాతం నుంచి 68కి పడిందని రోజూ స్ప్రే కొట్టే మిత్రులున్నారు. మనవాళ్ళకి డాష్‌బోర్డు కనిపిస్తే చాలు కదా, అందులో ఏదో ఒకటి ఆకుపచ్చ చెయ్యకపోతే నిద్రపట్టదు. గాలాడని పెట్టెలో రోజూ స్ప్రే కొడితే బూజు పెరుగుతుంది, పురుగుకి పొడి వాతావరణం కన్నా ఆ ముక్కిన వాతావరణమే ఎక్కువ చేటు. మూతకే కాకుండా పక్కగోడలకీ బెజ్జాలు వేసుకోగలిగే ప్లాస్టిక్ పెట్టె అయితే ఇంకా మంచిది, గాలి అడ్డంగా ఆడుతుంది.

వేడి సంగతి అన్నిటికన్నా తమాషా. కిట్‌తో పాటు అడుగున అతికించే హీట్ మ్యాట్ ఒకటి అంటగడతారు. అడవిలో పైన వేడెక్కితే ఈ పురుగు ఏం చేస్తుంది? కిందికి తవ్వుతుంది, కింద చల్లగా ఉంటుంది కాబట్టి. లక్షల సంవత్సరాలుగా దాని ఒంట్లో ఉన్న లాజిక్ అది. మనం కింద నుంచి వేడి పెడితే అది వేడిని తప్పించుకోవాలని తవ్వుతూ తవ్వుతూ నేరుగా పెనం మీదికి వెళ్తుంది. మీరు చొక్కాతో హాయిగా కూర్చోగలిగే గదిలో అది కూడా హాయిగా ఉంటుంది. మ్యాటూ వద్దు, బల్బూ వద్దు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. పైన చెప్పినవన్నీ చేస్తే మీకు దక్కేదేంటి? పొట్టి పెట్టె, సగానికి పైగా మట్టి, ఒక బెరడు, ఒక గిన్నె. సాలెపురుగు కనిపించదు. నాది వారంలో అయిదు రోజులు బెరడు కిందే ఉంటుంది. ఒకసారి బొరియ మూతికి మట్టి అడ్డం పెట్టుకుని రెండు నెలలు బయటికి రాలేదు, కుబుసం విడిచి కొత్త రంగుతో వచ్చింది. మా అమ్మ వీడియో కాల్లో "ఏరా, ఆ పురుగు ఇంకా ఉందా?" అంటే, తొట్టి వైపు ఫోను తిప్పితే మట్టి తప్ప ఏమీ కనపడక "మట్టికుండ పెంచుతున్నావా నాయనా" అంది. ఇంటికొచ్చిన స్నేహితులదీ అదే నిరాశ. "ఏం గురూ, కదలదా?"

కదలదు. అది దాని ఆరోగ్యం. ఇక్కడే మన ఊహ దారి తప్పుతుందని నా అభిప్రాయం. రంగురాళ్ళ పెట్టెలో గోడలెక్కుతూ మూలమూలలా తిరుగుతుంటే "ఎంత హుషారుగా ఉందో!" అనుకుంటాం. చాలాసార్లు అది దిగడానికి మట్టి, దూరడానికి చోటు దొరక్క తిరగడం. (కొత్త ఇంట్లో మొదటి కొన్ని రోజులు గోడలెక్కడం మామూలే. ఈడొచ్చిన మగది ఆడదాని కోసం తిరగడం కూడా మామూలే. మా టెక్సస్‌లో రోడ్లు దాటే టరాంటులాలు ఎక్కువగా అవే.) వారాల తరబడి అలా తిరుగుతూనే ఉందంటే మాత్రం పెట్టెలో లోపముంది. ఉన్నచోట ఉండిపోయిందంటే ఇల్లు నచ్చిందని లెక్క.

నమ్మకం కుదరకపోతే పశ్చిమ ఆస్ట్రేలియాలోని '16వ నంబరు' కథ వినండి. అది టరాంటులా కాదు, దానికి దూరపు చుట్టమైన ట్రాప్‌డోర్ సాలెపురుగు. బార్బరా యార్క్ మెయిన్ అనే శాస్త్రవేత్త 1974లో మొదలుపెట్టిన పరిశీలనలో దాని బొరియకి ఆ నంబరు పడింది. 2016లో చనిపోయిందని గుర్తించేనాటికి దాని వయసు 43 ఏళ్ళు. అప్పటికి మనకి తెలిసినంతలో అన్నిటికన్నా ఎక్కువ కాలం బతికిన సాలెపురుగు అదే. ఆ 43 ఏళ్ళూ ఒకే బొరియలో. చివరికి పోయింది కూడా ముసలితనంతో కాదు, పరాన్నజీవి కందిరీగ వల్ల అని తేల్చారు. ఎవరూ దానికి జాలీ మూత పెట్టలేదు, ఎర్ర బల్బు పెట్టలేదు. చోటు మారకపోవడం దాని బతుకు పద్ధతి. దాన్ని చూసి 'పాపం బోర్ కొడుతుందేమో' అనుకోవడం, ఆదివారం ఇంట్లో పడుకున్నవాణ్ణి లేపి ట్రెక్కింగుకి లాక్కెళ్ళడం లాంటిది.

వాదనలు రెండు మూడు వింటుంటాను, వాటికి జవాబు చెప్పేస్తా.

ఒకటి: "మా వాడి దగ్గర ఎత్తు ట్యాంకులోనే అయిదేళ్ళుగా బతికుంది." బతికి ఉండొచ్చు. బ్యాకప్ లేకుండా అయిదేళ్ళు నడిచిన సర్వర్లు మనమందరం చూశాం. డిస్కు పోయిన రోజు ఆ అయిదేళ్ళు లెక్కలోకి రావు. పడని పురుగుని చూపించి ఎత్తు మంచిదనడం కుదరదు.

రెండు: "అయితే అందంగా పెట్టుకోకూడదా?" నిక్షేపంగా పెట్టుకోండి. కొలతలు సరిగ్గా ఉంటే మీద నాచు పరచండి, ఎండుటాకులు చల్లండి, ఓపికుంటే చిన్న మొక్కలు నాటండి. నా గొడవ అందంతో కాదు, వరస తిరగబడడంతో. ముందు లోతు, ఎత్తు, దాక్కునేచోటు, నీళ్ళు, గాలి. అవన్నీ అయ్యాక అందం. ముందు అందం కొని, అందులో పురుగుని ఇరికించకూడదు.

మూడు: "అయినా సాలెపురుగుకి ఇంత సీనా, దానికేం తెలుస్తుంది?" దానికి ఎంత తెలుస్తుందో తేల్చడం నా పని కాదు. అది తనంతట తాను మన ఇంటికి రాలేదు. మనం డబ్బిచ్చి తెచ్చి, నాలుగు గోడల మధ్య పెట్టి, తప్పించుకునే దారిలేకుండా క్లిప్పులు బిగించాం. ఆ క్షణం నుంచి దాని వాతావరణం, దాని నేల, దాని ఆకాశం అన్నీ మనమే. పడి పొట్ట పగిలిందంటే మనం కట్టిన ఇంట్లోనే పగిలింది. అంత మాత్రం బాధ్యతకి దానికి మనసుందా లేదా అని పరిశోధన అక్కర్లేదనుకుంటా.

చేతిమీద ఎక్కించుకుని ఫోటోలు దిగడం గురించి ఒక్క ముక్క. వద్దు. దానికి అది ముద్దు కాదు, ప్రమాదం, మళ్ళీ అదే ఎత్తు సమస్య. పైగా అమెరికా ఖండాల రకాల్లో చాలావాటికి పొట్టమీద దురదపుట్టించే నూగు ఉంటుంది, వెనక కాళ్ళతో దులుపుతాయి. చర్మానికి దురద, కంట్లో పడితే డాక్టరు. తొట్టిలో చెయ్యి పెట్టాల్సొస్తే పొడుగు పట్టకారు వాడండి, తర్వాత చేతులు కడుక్కోండి. రోజూ సర్దడం, నెలకోసారి మట్టంతా మార్చడం కూడా వద్దు. తిని వదిలేసిన ఉండని తీసేస్తే చాలు. ప్రతిసారీ మట్టి మారిస్తే ప్రతిసారీ దాని ఇల్లు కూల్చినట్టే. కుబుసం విడిచేటప్పుడు వెల్లకిలా పడుకుంటుంది, చచ్చిపోయిందనుకుని కదపకండి. అప్పుడు తొట్టిలో కీచురాయి మిగిలి ఉంటే మాత్రం తీసెయ్యండి, మెత్తగా ఉన్న సాలెపురుగుని అది కొరికేస్తుంది.

ఇక మనలాంటివాళ్ళకి ప్రత్యేకంగా ఒక లెక్క. ఈ రకంలో ఆడవి ఇరవై ఏళ్ళ దాకా బతకొచ్చు. హెచ్‌1బి మామూలు గడువు ఆరేళ్ళు. మీరు కొనేది మీ వీసా కన్నా పొడుగైన ప్రాణాన్ని. తిరిగి ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకెళ్ళడం కుదరదు. కర్లీ హెయిరూ, ఎర్ర మోకాళ్ళ మెక్సికన్ రకమూ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, సరిహద్దు దాటించాలంటే పర్మిట్లు కావాలి. మన గుత్తి సాలెపురుగు జాతి కూడా 2019లో అదే జాబితాలో చేరింది. ఇండియాలో అయితే 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, ఆ జాబితాలోని ప్రాణులు ఇంట్లో ఉంటే ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించుకోవాలి. కాబట్టి హైదరాబాద్ మిత్రులు ఎవరో ఆన్‌లైన్లో అమ్ముతున్నారని తొందరపడకండి. అడవిలోంచి పట్టుకొచ్చినవి అసలు కొనకండి, ఎక్కడున్నా సరే.

ఇంత చదివాక కూడా కావాలనిపిస్తే నేనిచ్చే సలహా ఇది. ముందు పెట్టె తయారుచెయ్యండి, పురుగుని కొనకండి. మట్టి అదిమి, బెరడు పెట్టి, గిన్నెలో నీళ్ళు పోసి, మూత బిగించి, మీ హాల్లో రెండు వారాలు ఉంచండి. బూజు పడుతుందా, మట్టి కూలుతుందా, మూత గట్టిగా ఉందా చూసుకోండి. అలాగే ఆ ఖాళీ మట్టిపెట్టెని రోజూ చూస్తూ, కొన్నేళ్ళపాటు దాదాపు ఇలాగే కనిపిస్తుందన్న సంగతి మీకు నచ్చుతుందో లేదో కూడా చూసుకోండి. నచ్చకపోతే మంచి పూలమొక్క పెట్టుకోండి, మట్టి ఎలాగూ సిద్ధంగా ఉంది.

మా మిత్రుడి కొడుకు అలాగే చేశాడు. వాళ్ళింట్లో ఇప్పుడు పాత చేపలతొట్టిలో ఆరంగుళాల మట్టి, సగం పూలకుండీ, ఒక గిన్నె ఉన్నాయి. లోపల ఇంకా ఎవరూ లేరు. పిల్లాడు స్కేలు పెట్టి మట్టి నుంచి మూత దాకా కొలిచి, కాగితం మీద రాసి తొట్టికి అంటించాడు. పుర్రె ఎక్కడని అడిగితే, చెల్లెలికిచ్చేశాడట.